మంచం తిరిగే మలుపు

ఆ రోజు కొత్త ఇంట్లో ఉన్నది ఐదుగురు. ఇల్లు కట్టిస్తున్న ఆంజనేయులు, అతని భార్య నాగవేణి, ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతూ ఆ ఇంటికి ప్లాను గీసిన కొడుకు రాజేష్, గోడలు లేపిన మేస్త్రి గురుస్వామి, ఎవరూ పిలవకుండానే నోట్‌బుక్కు పట్టుకొని వచ్చిన పదో తరగతి కూతురు యామిని. ఆరో మనిషిని లెక్కలో వేసుకోవాలో వద్దో యామినికి తెలియలేదు. నాయనమ్మ పుష్పమ్మ బయట పందిరి కింద మంచం మీద ఉంది. నడుము వంగక రెండేళ్ళుగా ఆ మంచం మీదే ఉంటోంది. హాలు కిటికీకి ఇంకా రెక్కలు పెట్టలేదు కాబట్టి ఆమె గొంతు మాత్రం ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి వస్తోంది. గృహప్రవేశం ఎల్లుండి.

“ఏందే, మళ్ళీ చెప్పు. ఎవరు తిరగరు?”

“ఎవరూ కాదు నాయనా. మంచం. నాయనమ్మ మంచం.”

“మంచం తిరిగేదేంది?”

“హాల్లోంచి ఈ సందులోకి వచ్చి, సందు చివర నాయనమ్మ రూములోకి తిప్పాల గదా. ఆ మలుపులో తిరగదు. ఇరుక్కుంటది.”

“నీకెవరు చెప్పినారు?”

“మోడల్ చేసినా. బళ్ళో కంప్యూటర్లో. కరుణాకరం సారు నేర్పిచ్చినాడు. ఇల్లంతా టేపుతో కొలిచి, ఆ కొలతలతోనే గోడలు లేపి, మంచం చేసి, లోపలికి జరిపినా. జరిపితే...”

“నాయనా, దాన్ని మాట్లాడనిస్తే పొద్దు పోతది. అది పిల్లకాయలు ఆడుకునే సాఫ్ట్‌వేరు. మాకు కాలేజీలో చెప్పేది వేరే.”

“నువ్వుండు రాజేషా. అది నోరు తెరిచేదే ఏడాదికి ఒకసారి. చెప్పనీ.”

“సరే, మీ అమ్మ రికమండేషన్ వచ్చింది గదా. చూపియ్యి పాపా. లాప్‌టాప్ యాడ పెడతావు?”

“ఈ సిమెంటు మూటల మీద. అన్నా, కొంచెం జరుగు. ఇది హాలు నాయనా. ఇది సందు. ఇది మంచం.”

“మంచం మీద ఈ పుల్ల ఏంది?”

“నాయనమ్మ.”

“మా అమ్మ ఇంత సన్నగా ఉందా?”

“ఇంతే ఉంది నాయనా. కొలిచినా, నిద్రపోతున్నప్పుడు.”

“నిద్ర పోలా. ఇది టేపు పట్టుకొని వస్తే కళ్ళు మూసుకున్నా.”

“నువ్వు పడుకో అమ్మా, ఇవి నీ మాటలు కాదు. పాపా, మంచం చుట్టూ ఈ నలుగురు ఎవరు?”

“మోసేవాళ్ళు. మోసే మనిషికి గూడా చోటు కావాల గదా.”

“శుభమా అని పాలు పొంగిచ్చుకుంటా ఉంటే నలుగురు మోసే బొమ్మ ఏందే? తీసెయ్యి. ముందు ఆ నలుగుర్ని తీసెయ్యి.”

“తీసేస్తే మంచం ఎవరు పట్టుకుంటారమ్మా?”

“ఎవరో ఒకరు పట్టుకుంటారు. బొమ్మలో వద్దు.”

“సరే. తీసేసినా. ఇప్పుడు ఉత్త మంచమే. చూడండి, జరుపుతాండా. ఇక్కడి దాకా వస్తది. ఇక్కడ తిప్పితే...”

“ఎర్రగా అయిందే?”

“గోడకు తగిలితే ఎర్రగా అవుతది. అట్ల పెట్టినా. ఇటు తిప్పినా ఎరుపే. కాళ్ళవైపు ముందు తెచ్చినా ఎరుపే.”

“నిలువుగా ఎత్తితే?”

“నాయనమ్మ జారిపోతది.”

“మనిషిని చేతుల మీద ఎత్తుకొని పోతే?”

“మంచం మీదనుంచి లేపొద్దని డాక్టరు చెప్పినాడు గదా నాయనా. నువ్వే గదా విని వచ్చినావు. అందుకే గదా ఈ పందిట్లోకి కూడా మంచంతోనే మోసుకొచ్చింది.”

“మరి ఇంత కష్టం ఎందుకు? ఒకసారి ఉత్త మంచం తెచ్చి ఈ సందులో తిప్పి చూస్తే పోలా?”

“మీకు బుద్ధి ఉందా? పాలు పొంగకముందు పడుకునే మంచం ఇంట్లోకి తెస్తారా ఎవరన్నా? ఎల్లుండి పొద్దున పాలు పొంగినాకనే మంచం.”

“అది నిజమేలే. మర్చిపోయినా.”

“అందుకే నాయనా, కంప్యూటర్లో తిప్పినా. ఈ సందు మూడడుగుల ఒక ఇంచి ఉంది. నాలుగుంటే తిరుగుతది. ఈ రోజు ఈ గోడ తీసి ఒక్క అడుగు అటు జరిపితే రేపటికి లేపొచ్చు. ఎల్లుండి తర్వాత అయితే...”

“ఎల్లుండి తర్వాత సుత్తి మాటే ఎత్తొద్దు. పాలు పొంగిన ఇంట్లో ఏడాది దాకా గోడ పగలగొట్టకూడదు.”

“అదే అమ్మా నేను చెప్పేది.”

“ఆగాగు. మూడేంది? నా ప్లాన్లో సందు నాలుగడుగులు. ఇదో, చూడు నాయనా, ఫోన్లో ఉంది. నాలుగు. నాలుగడుగుల సున్నా ఇంచీలు.”

“ప్లాన్లో నాలుగే అన్నా. గోడల మధ్యన మూడు.”

“ప్లాను ప్రకారమే గదా గోడ కట్టింది? ఏం గురుస్వామి మామా?”

“ప్లాను ప్రకారమే అల్లుడూ. ప్లాను ప్రకారమే. ఈ ఎండకు సిమెంటు మాలు గట్టిపడతాంది, నేను పోయి ఆ మెట్లకు నీళ్ళు కొట్టొస్తా.”

“ఉండు గురుస్వామీ. సందు ఎంత పెట్టినావు?”

“ప్లాన్లో ఎంతుంటే అంత బావా.”

“ప్లాన్లో ఎంతుంది?”

“అల్లుడు చెప్పినంత.”

“మామా, టేపు తియ్యి. కొలిస్తే అయిపోతది.”

“టేపు అర్ధవీడు సైట్లో మర్చిపోయినా పాపా.”

“నిన్న ఇంటికాడ మర్చిపోయినానన్నావు.”

“నిన్న ఇంటికాడ. ఈ రోజు సైట్లో.”

“యామినీ. మంచినీళ్ళు.”

“ఇప్పుడే ఇచ్చినా గదా నాయనమ్మా.”

“తాగినా. మళ్ళా దప్పికైతాంది.”

“వస్తానుండు నాయనమ్మా. నాయనా, నేను కొలిచింది బళ్ళో టేపుతో, తిరిగి ఇచ్చేసినా. మూడుసార్లు కొలిచినా. ఇదో నోట్‌బుక్కులో రాసుకున్నా.”

“నోట్‌బుక్కులో రాసుకుంటే అయిపోతదా? మీ అన్న గీసింది బయట ఫ్లెక్సీ వేసి కట్టినాము. దోర్నాల వాళ్ళు బండి ఆపి దిగి ఫోటోలు తీసుకున్నారు.”

“ఆ ఫ్లెక్సీ సంగతే అడుగుదామనుకుంటాండా. ఒరే రాజేషా, మన ఇంటి ముందర కుక్కను పట్టుకొని నడుస్తాండే దొరసాని ఎవురురా?”

“అది ఊరికే నాయనమ్మా. సాఫ్ట్‌వేర్లో వస్తది.”

“ఆ కారు?”

“అది గూడా సాఫ్ట్‌వేర్లోనే.”

“కుక్కకు ఏ రూము ఇచ్చినావు?”

“నాయనా, నాయనమ్మను ఊరుకోమను. ఒసేయ్, నీ మోడల్లో ఆ మూడు తీసి నాలుగు కొట్టు.”

“కొడితే తిరుగుతది అన్నా. కొట్టకుండానే తెలుసు నాకు.”

“కొట్టు మరి.”

“నేను నెంబరు కొడితే గోడ జరగదు గదా.”

“కొట్టమన్నానా.”

“కొట్టినా.”

“జరుపు. తిప్పు. చూసినావా నాయనా? ఆకుపచ్చ.”

“తిరిగిందే. నాగవేణీ, ఇటు రా, ఎంత నున్నగా తిరిగిందో చూడు. పోయిందే, మా అమ్మ రూములోకి పోయింది.”

“నేనింకా ఈడనే ఉండా.”

“బొమ్మలో అమ్మా, బొమ్మలో. కంప్యూటరు ఒప్పుకుంది. ఇంకేంది పాపా? దీనికా రెండు రోజులు అన్నం మానుకొని తిరిగినావు?”

“నాయనా, కంప్యూటరు మనం చెప్పిందే మనకు చెప్తది. మూడంటే మూడు, నాలుగంటే నాలుగు. దానికి మన గోడ తెలవదు.”

“మీ అన్న చదివేది ఇంజనీరింగు. నువ్వు చదివేది పది.”

“కంటితో చూడు నాయనా. ఈ సందు నాలుగడుగులు ఉన్నట్టు ఉందా?”

“సన్నగానే కనపడతాంది. కాదా గురుస్వామీ?”

“సున్నం పడకముందు ఏ సందన్నా అట్లనే కనపడతది బావా. సున్నం పడితే విచ్చుకుంటది.”

“విన్నావా? పనిచేసే మనిషి చెప్తాండు. నువ్వేమో మూడుకూ నాలుక్కూ తేడా తెలవకుండా డిప్లొమా సివిల్ చేస్తానంటావు. నెల నుంచి గురుస్వామీ, పాలిటెక్నిక్ అప్లికేషన్ మీద సంతకం పెట్టమని నా ఎనకాలే తిరుగుతాంది.”

“శనివారంతో ఆఖరు నాయనా.”

“ఆఖరైతే ఆఖరు కానీ.”

“ఒక మాట అడగనా?”

“అడుగు.”

“టేపు పెట్టి చూద్దాం. మూడే ఉంటే సంతకం పెడతావా?”

“ఓయబ్బ, పందెమా? పెడతా. మూడుంటే పెడతా. నాలుగుంటే?”

“నాలుగుంటే ఇంక అడగను.”

“ఎప్పుడూ?”

“ఎప్పుడూ.”

“పక్కింట్లో లక్ష్మీప్రియ కాడ కుట్టుమిషన్ నేర్చుకుంటావా?”

“నేర్చుకుంటా.”

“ఆ లక్ష్మీప్రియ కాడనే ఉంటది టేపు. బట్టలు కొలిచేది. ఉండండి, తెస్తా.”

“ఎందుకక్కా అంత ఎండలో? రేపు నా టేపు నేనే తెస్తా గదా.”

“పక్కిల్లే గదా గురుస్వామీ, ఎండ ఏమి చేస్తది?”

“యామినీ. నీళ్ళు. ఈసారి నిజంగా దప్పిక.”

నాగవేణి టేపు కోసం పక్కింటికి వెళ్ళింది. యామిని చెంబు పట్టుకొని పందిరి కిందికి వచ్చింది.

“ఇంద నాయనమ్మా. తల కొంచెం ఎత్తనా?”

“ఆడ పెట్టు. దప్పిక లేదు. ఇటు వంగు. ఇంకా దగ్గరికి. ఎంత వచ్చిందే నీకు?”

“ఏంది?”

“సందు.”

“మూడడుగుల ఒక ఇంచి.”

“గురుస్వామికి మూడే పెట్టమంటినే. ఆ ఇంచి యాడనుంచి వచ్చింది?”

“ఏమన్నావు నాయనమ్మా?”

“మెల్లగా. లోపలికి వినపడతది.”

“నువ్వు పెట్టమన్నావా?”

“నేనే. వాడు నా తమ్ముని కొడుకు. వాళ్ళమ్మకు పాలు పడకపోతే నా మేకపాలు తాగి పెరిగినాడు. ఒక అడుగు జరపమంటే జరపడా?”

“ఎందుకు? నీ రూముకు నువ్వే పోకుండా... ఎందుకు నాయనమ్మా?”

“ఆ ఎనక రూము చూసినావా నీ కంప్యూటర్లో?”

“చూసినా. పదడుగులకు పదడుగులు.”

“మంచం మీద పడుకొని కిటికీలోంచి చూస్తే ఏం కనపడతది?”

“పక్కింటోళ్ళ గోడ.”

“ఎంత దూరం?”

“రెండడుగులు.”

“నువ్వు కొలిచినావు గదా మరి. ఇంక నన్నెందుకు అడుగుతావు?”

“హాల్లో ఎయ్యమని నాయనను అడగొచ్చు గదా.”

“అడిగినా. రెండుసార్లు అడిగినా. హాల్లో సోఫా వస్తదమ్మా అన్నాడు. నీకు సపరేటు రూము కట్టిస్తాండా, ఊళ్ళో ఏ ముసలమ్మకన్నా ఉందా సపరేటు రూము అన్నాడు. కొడుకు మురిసిపోయి కట్టిస్తాంటే నాకొద్దురా అంటే నొచ్చుకోడా? మంచం సందులో పట్టలేదనుకో, అది గోడ తప్పు. వాని తప్పు గాదు, నా తప్పు గాదు.”

“నేను... నేనేమో గోడ జరపాల జరపాల అని...”

“రెండు రోజుల నుంచి చూస్తాండా. నా కోసమే పోట్లాడుతాండావని తెలుసు. ఎట్ల ఆపాల్నో తెలవక నీళ్ళు అడిగినా. కడుపంతా నీళ్ళే.”

“ఎల్లుండి ఇరుక్కుంటే మళ్ళా బయటికి తెస్తారేమో.”

“తేరు. గృహప్రవేశం నాడు ముసలిదాన్ని మంచం మీద నలుగురు బయటికి మోసుకొస్తే చూసేటోళ్ళు ఏమనుకుంటారు? మీ అమ్మ బొమ్మలోనే ఒప్పుకోలేదే ఆ నలుగుర్ని. హాల్లోనే దించుతారు. ఏడాది దాకా సుత్తి లేదు. ఏడాది తర్వాత సంగతి ఏడాది తర్వాత.”

“సోఫా?”

“సోఫాకు నడుము వంగుతది గదా. అది పోతదిలే ఎనక రూములోకి.”

“నవ్వించొద్దు నాయనమ్మా.”

“హాలు కిటికీ రోడ్డు మీదికి ఉంది. కంభం బస్సు కనపడతది. మల్లి గొర్రెలు తోలుకొని పోయేది కనపడతది. ఇంట్లోకి వచ్చినోళ్ళంతా నా మంచం దాటుకొనే పోవాల. ఎవరు ఎప్పుడు వచ్చినారు, ఏం తెచ్చినారు, అన్నీ తెలుస్తాయి.”

“నాయనమ్మా, మూడని తేలితే నాయన సంతకం పెడతానన్నాడు.”

“విన్నా.”

“శనివారంతో ఆఖరు.”

“అదీ విన్నా.”

“మూడని తేలితే ఈ రోజే గోడ పగలగొడతారు. నువ్వు ఎనక రూములోకి పోతావు.”

“పోతా. పోక ఏం చేస్తా, లేచి పరిగెత్తుతానా?”

“నన్నేం చెయ్యమంటావు?”

“నేనేమీ చెప్పను. కొలిచింది నువ్వు. ఆ రోజు నువ్వు మంచం కాడ టేపు పట్టుకొని నిలబడినప్పుడే అనుకున్నా, ఇది బయటపడతదని. మీ అన్న కొలిచుంటే నాకు ఏ భయమూ ఉండేది గాదు.”

“పాపా, టేపు వచ్చింది. రా.”

“పో, మీ నాయన పిలుస్తాండు. ఆ చెంబు తీసుకొనిపో, దాన్ని చూస్తేనే వాంతికొస్తాంది.”

లోపల సందు దగ్గర నలుగురూ నిలబడి ఉన్నారు.

“ఇదేంది నాగవేణీ, అన్నీ సన్నక్షరాలే. నా అద్దాలు పాతింట్లో ఉండాయి. రాజేషా, నువ్వు చదువు.”

“నేను చదివేదేముంది నాయనా? నా ప్లాను నాకు తెలవదా? దాన్నే చదవనీ. దాని నోటితోనే రానీ.”

“అదీ మాటే. గురుస్వామీ, ఆ కొస పట్టుకో.”

“పట్టుకున్నా బావా.”

“పాపా, ఈ కొస నీది. గోడకు ఆనించు. ఆనిందా?”

“ఆనింది.”

“ఎంత?”

“ఉండు నాయనా. చూస్తాండా.”

“మధ్యలో వదులుగా ఉందే. లాగు గురుస్వామీ.”

“లాగితే సాగుతది బావా. బట్టలు కొలిచేది గదా.”

“ఎంతే పాపా? అంత సేపా?”

“నలభై...”

“నలభై?”

“నలభై ఎనిమిది.”

“అంటే?”

“నాలుగడుగులు.”

“నలభై ఎనిమిదా పాపా?”

“అవును మామా, నలభై ఎనిమిది. ఎందుకట్ల చూస్తావు? నువ్వు కట్టింది నీకు తెలవదా?”

“తెలుసు, తెలుసు. నలభై ఎనిమిదే. నలభై ఎనిమిది గాక ఎంతుంటది?”

“ఏం నాయనా? ఏం చెప్పినా నేను?”

“చెప్పినావులేరా. పాపా, మరి ఆ నోట్‌బుక్కులో మూడని ఎట్ల రాసినావు?”

“తప్పు రాసినా.”

“మూడుసార్లు కొలిచినానంటివి.”

“మూడుసార్లూ తప్పు రాసినా.”

“పోనీలేయ్యా, చిన్నపిల్ల. నా ఎర్రి గాని, ఎండలో పడి టేపు తెచ్చింది దీనికా. ఏమే, అట్ల నిలబడినావు? ఏడుస్తాండావా?”

“లేదమ్మా.”

“నవ్వుతాంది నాయనా. ఓడిపోయి నవ్వుతాంది, చూడు.”

“నవ్వులాట కాదు పాపా. నువ్వే పందెం కట్టినావు. ఇంక పాలిటెక్నిక్ మాట లేదు. ఆ అప్లికేషన్ తెచ్చి పొయ్యిలో పెట్టు.”

“సరే నాయనా.”

“లక్ష్మీప్రియ కాడికి సోమవారం నుంచి పో.”

“పోతా. నాయనా, ఒక్కటి అడగనా?”

“మళ్ళీ ఏంది?”

“ఎల్లుండి ఒకవేళ మంచం ఇరుక్కుంటే?”

“నీకు చెవుల్లో సిమెంటు పోసినారా? నలభై ఎనిమిదని నీ నోటితోనే చెప్పినావు. నాలుగుంటే తిరుగుతదని నీ కంప్యూటరే చూపిచ్చింది. ఇంక ఇరుక్కునేదేంది?”

“ఇరుక్కోదులే నాయనా. ఒకవేళ.”

“ఒకవేళ ఇరుక్కుంటే, నేనే నీ చెయ్యి పట్టుకొని పోయి ఆ కాలేజీలో చేర్పిచ్చి వస్తా. హాస్టల్ దాకా నీ పెట్టె నేనే మోస్తా. కట్టుకున్న ఇంట్లో నిలబడి చెప్తాండా. చాలా? గురుస్వామీ, నువ్వే సాక్షి.”

“నేనే సాక్షి బావా. ఈ మాటకు నాకంటే సాక్షి ఎవరుంటారు?”

“అమ్మా, నువ్వు గూడా విన్నావా?”

“విన్నాలేరా నాయనా, బాగా విన్నా. ఎల్లుండి ముహూర్తం ఎన్నింటికన్నావు?”

“తెల్లారి నాలుగున్నరకు.”

“మంచిది. శనివారానికి ఇంకా రెండు రోజులు ఉంటాయిలే.”

“శనివారం ఏందమ్మా? ఏందో, ఈ ఇంట్లో ఒక్కరి మాటా అర్థం కాదు. పో పాపా, పోయి మీ నాయనమ్మ కాడ కూర్చో, ఇంక ఇంట్లో నువ్వు కొలిచేది ఏమీ లేదు. రాజేషా, అది బయటికి పోయినాక ఆ తలుపు ఎయ్యి, గడియ గూడా పెట్టు.”